ముక్కు కొలతతో జాతి తేలునా?

సర్ హెర్బర్ట్ రిజ్లీ వ్రాసిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అను గ్రంథము 1908లో వెలువడినది. ఆయన 1901 జనాభా లెక్కలకు కమిషనరు. భారతీయులను ఏడు శరీర రకములుగా విభజించిన ఆయన పట్టికను పరీక్షల కొరకు నేటికీ కంఠస్థము చేసే విద్యార్థులున్నారు. కాబట్టి దానిని మరల పరిశీలించవలసి ఉన్నది.

రిజ్లీ ముఖ్యసాధనము నాసికా సూచిక. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి 100చే హెచ్చించగా ఈ సంఖ్య వస్తుంది. ముక్కు వెడల్పు పెరిగినకొద్దీ సంఘములో కులపు స్థానము తగ్గుతుందని ఆయన సిద్ధాంతము. జి. యస్. ఘుర్యే 1932లో ఆ కొలతలనే పరిశీలించి, ఈ వరుస దేశమంతటికీ వర్తించదని చూపినాడు. అంతకుముందే, 1923లో, థామ్సన్, బక్స్‌టన్ అనువారు ముక్కు ఆకృతికి గాలిలోని వేడిమి, తేమలతో సంబంధము కలదని ప్రకటించినారు. కులములను గురించిన సామెతలను సేకరించుట రిజ్లీ గ్రంథములో మెచ్చదగిన భాగము. కాని సామెత సంఘపు అభిప్రాయమును చెప్పును గాని రక్తమును గురించి చెప్పదు.

అసలు లోపము వేరొకటి కలదు. పేరు ఎక్కడైనా ఒకే అర్థమిస్తుందని ఆయన భావించినాడు. మన జిల్లానే చూడండి. 1937లో నిజామాబాదులో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు ‘ఆంధ్రులు’ అనగా నిజాం రాష్ట్రములోని తెలుగువారే. నిజాంసాగర్ కాలువల క్రింద సాగుకు కోస్తా జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు కట్టుకొన్నారు. పోనుపోను బోధన్ చెరకు ప్రాంతములో ఆ మాట ఇక్కడివారిని విడిచి, ఆ వచ్చినవారికే గుర్తుగా నిలిచినది. మనుషులు మారలేదు, మాట చూపే దిక్కు మారినది.

లంబాడీల విషయము ఇంకను స్పష్టము. నిజామాబాదు, నాందేడు, బీదరు జిల్లాలు 1956 వరకు ఒకే హైదరాబాదు రాష్ట్రములోనివి. నేడు మూడు రాష్ట్రములు. 1976 నాటి చట్టము 1977లో అమలులోనికి వచ్చినప్పటినుండి తెలంగాణ ప్రాంతపు లంబాడీలు షెడ్యూల్డు తెగలవారు. సాలూర వద్ద మంజీర దాటి మహారాష్ట్రలో అడుగుపెడితే వారు విముక్త జాతులవారు. కర్ణాటకలో షెడ్యూల్డు కులమువారు. తండాలో మాట్లాడే గోర్ బోలీ మాత్రము ఏటి గట్టుతో ఆగిపోదు. ఒక రాష్ట్రపు తెగ గుర్తింపు మరొక రాష్ట్రమునకు వలస వెళ్లినవారి వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పినది. బంధువులలోనే నదికి ఈవలి విద్యార్థికి ఒక పత్రము, ఆవలి విద్యార్థికి మరొక పత్రము.

తెలుగులో చిక్కు మరికొంత పెరిగినది. ‘జాతి’ అను ఒక్క మాటనే తెలుగు జాతికి, కులమునకు, పశువుల మేలురకమునకు, జీవశాస్త్రములోని జాతికి వాడుతాము. జీవశాస్త్రము ననుసరించి మానవులందరు ఒకే జాతి. హైదరాబాదులోని సి.సి.యం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2009 నాటి పరిశోధనలో 25 సమూహములకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించినారు. భారతదేశములోని సమూహములలో అత్యధిక భాగము రెండు ప్రాచీన జనసమూహముల కలయికవల్ల ఏర్పడినవేనని, కలయిక పాళ్లలోనే భేదమని తేలినది. రిజ్లీ ఊహించిన గట్టి గోడలు అక్కడ కనిపించలేదు.

ఐతే పట్టికలన్నియు వ్యర్థమని దీని అర్థము కాదు. తరతరముల అన్యాయమును సరిదిద్దుటకు చట్టమునకు పేర్లు కావలెను. చట్టము పెట్టిన పేరును రక్తపు లక్షణముగా భావించుటయే పొరపాటు. ఉపాధ్యాయులు రిజ్లీ పట్టికను బోధించునప్పుడు మూడు ప్రశ్నలు జోడించవలెను: ఈ పేరు ఎవరు పెట్టినారు? ఎక్కడ చెల్లును? దేనికొరకు? తన పత్రములోని మాటకు ముక్కుతో సంబంధము లేదని తండానుండి వచ్చిన బాలిక తరగతిలోనే తెలిసికొనవలెను. ఆమె ప్రక్కన కూర్చున్నవారు కూడ తెలిసికొనవలెను.