కబడ్డీ కోర్టు వేసే చేతులు

మట్టి కబడ్డీ కోర్టు వేయడం చూడ్డానికి తేలికే. కానీ పట్టుకోసం ఆటగాడు మోకాళ్ల మీద పడే చోట చిన్న గులకరాయి మిగిలినా చర్మం లేచిపోతుంది. అందుకే ముందు నేల తవ్వి, గడ్డలు చితగ్గొట్టి, మన్ను జల్లెడ పడతారు. నీళ్లు చల్లి చదును చేస్తారు. తడి ఎక్కువైతే కాలు జారుతుంది, తక్కువైతే దుమ్ము లేస్తుంది.

తరవాత కొలతలు. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మధ్యగీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు, దాని వెనక మరో మీటరుకు బోనస్ గీత. మూల సరిగ్గా లంబంగా రావడానికి తాడు మీద 3, 4, 5 కొలతల త్రిభుజం పనికొస్తుంది. గీతలకు ముగ్గుపొడి లేదా సున్నం. నిన్నటిదాకా చెడుగుడు ఆడిన నేలకు ఈ లెక్కలు కొత్తే!

పెద్ద పోటీలకు కోర్టు ఒక్కటే సరిపోదు, ప్రేక్షకులకు చోటూ కావాలి. 2021 మార్చిలో సూర్యాపేట 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు ఆతిథ్యమిచ్చింది. 22న ప్రారంభోత్సవ వేళ ప్రేక్షకుల గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. కోర్టు వేయడం ఒక పనితనం, జనం కూర్చునే మెట్లు కట్టడం మరొకటి. మట్టికి బదులు మ్యాట్లు వచ్చాక పెద్ద పోటీల్లో కోర్టు వేసే పని తగ్గింది. ఊరి పోటీల్లో మాత్రం పార, జల్లెడ, తాడు ఇంకా అవసరమే.