వెనక సీటు హాస్యం

బండి నడిరోడ్డు మీద ఆగిపోతే అందులో నవ్వేందుకేమీ ఉండదు. మిట్టమధ్యాహ్నం కిక్కు కొట్టీ కొట్టీ పిక్క పట్టేసిన మనిషినడిగితే చెబుతాడు. అదే మనిషి సాయంత్రం నలుగురిలో కూర్చుని ఆ సంగతి చెప్పేటప్పుడు తనూ నవ్వుతాడు, మిగతావాళ్ళనీ నవ్విస్తాడు. కొందరు మాత్రం అదే కథతో మనకి పాఠం చెప్పేస్తారు. మోటార్‌సైకిల్ పుస్తకాల్లో బాగా పేరుపడ్డ రెండూ ఈ రెండు రకాలవే: రాబర్ట్ పిర్సిగ్ ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’, చే గెవారా ‘ది మోటార్‌సైకిల్ డైరీస్’. మొదటిదాన్ని తత్త్వం కోసం, రెండోదాన్ని విప్లవం కోసం చదవడం రివాజు. బండి చెడిన పేజీల కోసం చదివేవాళ్ళు తక్కువ. నేను ఆ పేజీలే పట్టుకుంటున్నాను.

పిర్సిగ్ 1968 వేసవిలో పదకొండేళ్ళ కొడుకు క్రిస్‌ని వెనక కూర్చోబెట్టుకుని మినియాపోలిస్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్ళాడు. దారిలో కొంతమేర జాన్, సిల్వియా సదర్లండ్ దంపతులు తమ బి.ఎం.డబ్ల్యు. మీద తోడున్నారు. ఆ ప్రయాణం, 121 మంది ప్రచురణకర్తలు తిప్పికొట్టాక, 1974లో పుస్తకమైంది. చే ప్రయాణం పిర్సిగ్ ప్రయాణానికి పదహారేళ్ళ ముందుది. 1952 జనవరిలో, ఇరవైమూడేళ్ళ వైద్య విద్యార్థిగా, స్నేహితుడు అల్బెర్టో గ్రనాడోతో కలిసి అతని 500 సీసీ పాత నార్టన్ మీద బ్వేనస్ ఐరెస్ నుంచి బయల్దేరాడు. ఆ బండికి వాళ్ళు పెట్టుకున్న పేరు లా పొదెరోసా. తిరిగొచ్చాక డైరీ ముందు పెట్టుకుని ఆ రాతల్ని మళ్ళీ దిద్దుకున్నాడు. అంటే రెండు పుస్తకాలూ రోడ్డు పక్కన గ్రీజు చేతులతో రాసినవి కావు. నవ్వాలా, ఆలోచించాలా అని తేల్చుకునే తీరిక ఇద్దరికీ దొరికింది.

పిర్సిగ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం చాలా చిన్నది, పైగా అసలు ప్రయాణంలోది కాదు. అంతకు ముందెప్పుడో కొడుకుతో వెళుతుంటే కుండపోత వాన పట్టుకుంది. ఇంజిన్ ఆగిపోయింది. ట్యాంకు ఊపి చూశాడు, లోపల పెట్రోలు చప్పుడైంది. ప్లగ్గులు చూశాడు, పాయింట్లు చూశాడు, కార్బొరేటర్ చూశాడు. వాననీళ్ళు ఎక్కడో దూరాయని తీర్మానించుకున్నాడు. ప్రయాణం మానుకుని వెనక్కి తిరిగారు. తీరా చూస్తే ఆ చప్పుడు రిజర్వు పెట్రోలుది. ట్యాపు తిప్పలేదు, అంతే. పాత బండి నడిపిన తెలుగువాడెవరైనా ఈ పేరా చదువుతుంటే చెయ్యి దానంతటదే ట్యాంకు కిందికి పోతుంది.

ఇదే మన దగ్గర జరిగితే వెనక కూర్చున్నావిడ ఊరుకునేదా? “బంకు దగ్గరే చెప్పాను కదండీ” అని మొదలుపెట్టి, ఆ ట్యాపు సంగతి ఏ పెళ్ళికెళ్ళినా తన పుట్టింటివాళ్ళందరికీ వినిపించేది. ఆయన కూడా నాలుగోసారికి కథలో తనవంతు మాటలు తనే అందుకునేవాడు. తప్పు నవ్వుగా మారే దారి ఇది. పిర్సిగ్ వెనకున్నది పసివాడు. ఎందుకు వెనక్కి వెళుతున్నామో తెలియక బిక్కమొహం వేసినవాడు తండ్రిని వెక్కిరించలేడు. దాంతో, ముందే ఒక కారణం ఊహించేసుకుంటే ఎదురుగా ఉన్నది కనబడదన్న పాఠం వచ్చేసి, నవ్వుకి చోటు లేకుండా చేస్తుంది.

ఆ పాఠాన్నే చాలా పేజీల తర్వాత ఆయన విస్తరించి చెబుతాడు. రిపేరు మధ్యలో మనిషి హుషారుని మింగేసే ఉచ్చుల జాబితా అది. అన్నీ బిగించాక చూస్తే కింద మిగిలిపోయిన ముక్క, బాగుచెయ్యబోగానే మాయమైపోయే రోగం, కొనుక్కొచ్చాక సరిపోని సామాను. మోటార్‌సైకిల్ కష్టాల మీద ఇంత నిజమైన రాత నేను ఇంకెక్కడా చదవలేదు. ఇక్కడే మన దక్షిణాది కోతి ఒకటి వస్తుంది. గొలుసుతో కట్టేసిన బోలు కొబ్బరికాయలో బియ్యం ఉంటాయి. కోతి చెయ్యి పెట్టి గుప్పెట బిగిస్తుంది. వదిలితే బయటపడుతుంది, వదలదు. బెనారస్‌లో హిందూ తత్త్వం చదువుకున్న మనిషి మన కోతిని అరువు తెచ్చుకుంటే తప్పేమీ లేదు. ఆ రోజు వాన అనే బియ్యాన్ని గుప్పెట్లో బిగించి కూర్చున్న కోతిని నేనే అని అక్కడ ఒక్క మాట అని ఉంటే, ఆ పేజీ ఎక్కడికో వెళ్ళేది.

ఈయన పుస్తకంలో నవ్వు వచ్చే చోట నవ్వులపాలయ్యేది ఎక్కువగా జాన్. ఎండకి కాగిపోయిన ఇంజిన్‌ని చోక్ లాగి ఉంచి కిక్కు మీద కిక్కు కొడతాడు. పెట్రోలు వాసన గుప్పుమంటున్నా ఆగడు. మరోసారి అతని హ్యాండిల్‌బారు జారుతుంది. బీరు డబ్బా రేకు ముక్క కత్తిరించి సందులో దోపితే సరి అంటాడు పిర్సిగ్. అంత ఖరీదైన జర్మన్ బండికి తాగి పారేసిన డబ్బా ముక్కా! జాన్ మొహం మాడిపోతుంది. పనితనం సంగతికొస్తే పిర్సిగ్‌దే రైటు. అల్యూమినియం మెత్తన, తుప్పు పట్టదు, ఆ పనికి అంతకన్నా మంచిది లేదు. కానీ ఆ మొహం చూసి నవ్వుకోవాల్సిన చోట, వస్తువు లోపలి అమరికని చూసేవాళ్ళు, పైపై రూపాన్ని చూసేవాళ్ళు అని మనుషుల్ని రెండుగా విడదీసి సిద్ధాంతం కట్టేస్తాడు. మన మెకానిక్‌కి చెబితే ఈ గొడవంతా ఎందుకో అర్థం కాదు. ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టెలోని రేకుకాగితం చుట్టి బండిని ఇల్లు చేర్చినవాళ్ళం మనం.

గ్రనాడో కూడా మన బాపతే. స్క్రూ ఉండాల్సిన చోట ఇనుప తీగ సరిపోతుందంటే అతను తీగకే ఓటు వేస్తాడు. పొదెరోసా సగం బండి, సగం తీగ. వెనక సామాను ఎంత ఎక్కించారంటే బరువంతా వెనక చక్రం మీదికి పోయి, ఏమరుపాటున ఉంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. పడతారు, లేస్తారు, పంక్చరు వేసుకుంటారు, మళ్ళీ పడతారు. చిలీలో ఒక దిగుడులో బ్రేకు పోతుంది, ఎదురుగా ఆవుల మంద. చేత్తో పట్టే బ్రేకు నొక్కితే, ఎవరో అతికీ అతక్కుండా అతికించిన ఆ ముక్క కూడా విరుగుతుంది. చివరి ఆవు కాలిని రాసుకుంటూ దూసుకుపోయి, గట్టుకేసి తోలి, బతికి బయటపడతారు. దీన్ని చే ఏ సిద్ధాంతానికీ ముడిపెట్టడు. చెప్పి వదిలేస్తాడు.

పనివాడిగా చూస్తే చే పిర్సిగ్ ముందు నిలవడు. బండి ఎందుకు చెడిందో అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పడిన ప్రతిచోటా ఎవరో ఒకరి ఇంటి తలుపు తట్టడం మాత్రం వచ్చు. పిర్సిగ్ ఇంజిన్ పట్టేసినప్పుడు షాపులో రేడియో మోగించుకుంటూ సుత్తీ ఉలీ వాడిన కుర్రాళ్ళ మీద కోపం తెచ్చుకుని, ఇక నుంచి తన పని తనే చేసుకుంటాడు. చివరికి పాతిక సెంట్ల పిన్ను ఒకటి విరగడమే కారణమని తనే కనిపెడతాడు. గెలుపే. కానీ ఆ గెలుపుతో దారిలోని మనుషుల అవసరం కూడా తీరిపోయింది. చే కథలో మెకానిక్కులు, పొలాల కాపలాదారులు, ఫైర్ స్టేషన్ వాళ్ళు గుంపుగా వచ్చిపడతారు. టెమూకోలో ఒక పత్రిక చే, గ్రనాడోలని గొప్ప కుష్ఠువైద్య నిపుణులని రాసేసరికి, మర్నాటి నుంచి దారిలో మర్యాదలే మర్యాదలు. ఆ అబద్ధపు గొప్పతనాన్ని అనుభవిస్తూనే చే తన మీద తను నవ్వుకుంటాడు.

అన్ని చోట్లా ఆ నవ్వు నాకు రుచించదు. పూమా అనుకుని ఆశ్రయమిచ్చినవాళ్ళ కుక్కనే కాల్చేయడం, డాన్సులో ఒక మెకానిక్ భార్యతో వెకిలిగా ప్రవర్తించి ఊరిజనం తరుముతుంటే పారిపోవడం లాంటివి చెప్పేవాడికి సరదా. ఆ ఇంటివాళ్ళు రాస్తే ఇంకోలా ఉండేది.

అయినా బండి కష్టంలోని హాస్యం చేకి దక్కి, పిర్సిగ్‌కి దక్కకపోవడానికి కారణం వెనక సీటే. పొదెరోసా మీద ఇద్దరూ వంతులవారీగా తోలతారు. ఒకడు పడేస్తే రెండోవాడు తిట్టగలడు. గ్రనాడో వయసులో ఆరేళ్ళు పెద్ద, బండి అతనిది, అయినా చే నోటికి అడ్డు లేదు. క్రిస్‌కి వేల మైళ్ళ పొడుగునా కనిపించేది తండ్రి వీపు. కడుపునొప్పి అంటాడు, అలుగుతాడు, ఏడుస్తాడు. తండ్రి ఆ వీపు వెనక ఏం జరుగుతోందో చూడకుండా ఇంజిన్ చప్పుడు వింటుంటాడు. జాన్ దంపతులు మధ్యలో వెనక్కి వెళ్ళిపోయాక పుస్తకంలో ఎదురు మాట్లాడే పెద్దమనిషే కరువవుతాడు. అక్కడి నుంచి హాస్యం దాదాపు లేదు.

చే పుస్తకంలోనూ పొదెరోసా చివరిదాకా రాదు. సగం కూడా కాకముందే చిలీలో చచ్చిపోతుంది, లారీ ఎక్కించి శాంటియాగోలో వదిలేస్తారు. బండి ఉన్నంతకాలం రోడ్డు మీద దొరల్లా వెలిగిన ఇద్దరూ ఇప్పుడు మూటలు మోసుకునే దిమ్మరులు. చుకికమాట రాగి గనులు, శాన్ పాబ్లో కుష్ఠురోగుల కాలనీ ఆ తర్వాతి సంగతులు. మన కుర్రాళ్ళు పెట్రోలు ట్యాంకు మీద అంటించుకునే బొమ్మలోని చే, బండి పోయాక మొదలైన చే. తీగ చుట్టిన నార్టన్ మీద ఆవుల మందలోకి దూసుకుపోయినవాడి బొమ్మ ఎవరూ అంటించుకోరు. ట్రాఫిక్‌లో ఆ స్టిక్కరుకే ఎక్కువ అర్థం ఉండేదని నా ఉద్దేశం.

పిర్సిగ్ చివరి పేజీల్లో తండ్రీకొడుకులు హెల్మెట్లు తీసేస్తారు. క్రిస్ ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, తండ్రి భుజం మీదుగా మొదటిసారి రోడ్డు చూస్తాడు. ఇప్పుడు ఏదైనా అనగల వయసు, ఎత్తు, చనువు అన్నీ వచ్చాయి. రిజర్వు ట్యాపు గుర్తుచేస్తాడేమోనని నేను ఆశపడ్డాను. పెద్దయ్యాక నాకూ బండి కొనిస్తావా అని అడుగుతాడు. జాగ్రత్తగా చూసుకునేటట్టయితే సరే అంటాడు తండ్రి.