ఔటర్లో ఆగిన బొమ్మ రైలు

మోడల్ రైల్వే ఎగ్జిబిషన్‌కి వచ్చిన జనం బల్ల మీద కట్టిన ఒక రైల్వే లేఅవుట్ ముందు ఎంతసేపు నిలబడతారో తెలియాలంటే దాని వెనక నిలబడి చూడాలి. రైలు నడుస్తున్నంతసేపూ ఉంటారు. ఆగితే చూపు పక్క బల్ల మీదికి పోతుంది. ఇంకో అర నిమిషం ఏమీ కదలకపోతే కాళ్లు కూడా అటే పోతాయి. చిన్నపిల్లలు అంత మర్యాద కూడా పాటించరు, "పాడైపోయిందా?" అని పైకే అడిగేస్తారు. ఇంగ్లండులో ఈ సరదా ఉన్నవాళ్ల మధ్య ఎన్నాళ్లకీ తెగని తగవు ఒకటుంది. టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ల ముందు రైలు ఆపొచ్చా, ఆపకూడదా?

నేను ఆపాలనే పక్షం. మా క్లబ్బులో ఈ పక్షానికి ఓట్లు తక్కువ.

మేం కలుసుకునేది వారానికో సాయంత్రం, ఒక చర్చి హాలు వెనక గదిలో. ఒకాయన రిటైరైన సిగ్నల్‌మన్, ఒకాయన ప్లంబరు, ఒకావిడ స్కూల్లో కెమిస్ట్రీ చెప్పి మానేసింది, నాది కంప్యూటర్ల ఉద్యోగం. సమావేశం అనేది పెద్ద మాట. ఎవరి మూలలో వాళ్లు పని చేసుకుంటూ, మధ్యలో టీ తాగుతూ, పక్కవాళ్ల పనికి వంకలు పెడుతుంటాం. ఇలాంటి గదులు ఈ దేశంలో ఊరూరా ఉన్నాయి. లండన్‌లో 1910లో పుట్టిన 'ది మోడల్ రైల్వే క్లబ్' వీటికి పెద్దన్న. పట్టాలు వెయ్యడం, అట్టతో ఇళ్లు కట్టడం, తీగతో చెట్లు చెయ్యడం ఇంట్లో ఒక్కడూ కూర్చుని చేసుకోవచ్చు. కానీ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లే లేఅవుట్ ఒక్కడి వల్ల కాదు. మోయడానికే నలుగురు కావాలి. (ఈ మాట మన ఊళ్లో అంటే పెద్దవాళ్లు తిడతారు.)

మా లేఅవుట్ 1930ల నాటి గ్రేట్ వెస్టర్న్ రైల్వేలో ఒంటి లైను మీదున్న ఒక పల్లె స్టేషను. అలాంటి ఊరు నిజంగా లేదు, ఆ కాలపు ఫొటోలు చూసి మేం కల్పించుకున్నదే. రెండు ప్లాట్‌ఫారాలు, ఎదురుబండికి దారివ్వడానికి ఒక లూపు, పాల క్యాన్లు ఎక్కించే చిన్న షెడ్డు. ఇదంతా ప్లైవుడ్ బల్లల మీద, నాలుగేసి అడుగుల ముక్కలుగా ఉంటుంది. ఎగ్జిబిషన్ రోజు తెల్లారగట్లే వ్యానులోంచి దించి, బోల్టులు బిగించి, కింద వైర్ల ప్లగ్గులు కలిపి, తలుపులు తెరిచేలోగా నడిపించాలి. బల్లకీ బల్లకీ మధ్య పట్టా తెగి ఉంటుంది కదా, అక్కడ అర మిల్లీమీటరు ఎగుడుదిగుడు వచ్చినా చక్రం పట్టా దిగిపోతుంది. అందుకని బల్లల అంచుల్లో ఇత్తడి పిన్నులు, వాటికి అచ్చంగా సరిపోయే గుంటలు పెడతాం. పట్టాల కొసలు ఊగిపోకుండా చెక్కలోకి దింపిన ఇత్తడి స్క్రూలకి సోల్డరింగ్ చేస్తాం. చూసేవాళ్లు గడ్డినీ, గొర్రెలనీ, స్టేషన్ మాస్టరు తోటలోని గులాబీలనీ మెచ్చుకుంటారు. ఆ అతుకుల జోలికి ఎవరూ రారు. రాలేదంటే అవి బాగున్నట్టే.

రెండు చివర్లా తెరల వెనక ఇంకో బల్లుంటుంది. దాని మీద గడ్డీ లేదు, ఇళ్లూ లేవు, పక్కపక్కనే పరిచిన పట్టాలు, వాటి మీద వరసగా రైళ్లు. సురభి వాళ్ల నాటకంలో వేషం కట్టుకుని పక్క తెర వెనక నిలబడే నటుల్లాగా అక్కడ బండ్లన్నీ తమ వంతు కోసం చూస్తుంటాయి. లేఅవుట్‌లో సగం చోటు వాటికే పోతుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదట్లో మింగుడుపడనిది ఇదే.

మిగిలిన సగంలో కూడా అన్నీ అబద్ధాలే. ముందువైపు కనిపించే భాగం ఆరు మీటర్లు. మేం వాడే లెక్క అడుగుకి 4 మిల్లీమీటర్లు, అంటే 76 వంతుల్లో ఒకటి. ఆ లెక్కన మా ఊరు అర కిలోమీటరు కూడా లేదు. అసలు పట్టాల వెడల్పే తప్పు. 1920ల్లో చిన్న మోటార్లు దొరికేవి కావు. బ్రిటిష్ ఇంజన్లు ఐరోపావాళ్ల ఇంజన్ల కంటే సన్నవి, అడుగుకి 3.5 మిల్లీమీటర్ల లెక్కన చేస్తే వాటి పొట్టలో మోటారు పట్టేది కాదు. అందుకని ఇంజన్‌ని 4 మిల్లీమీటర్ల లెక్కకి పెంచేసి, పట్టాల మధ్య దూరం మాత్రం పాత 16.5 మిల్లీమీటర్లే ఉంచేశారు. నిజానికి 18.83 ఉండాలి. ఆ తేడా భరించలేనివాళ్లు పట్టాలు చేత్తో చేసుకుంటారు, చక్రాలన్నీ మార్చుకుంటారు. మాలాంటి మిగతావాళ్లం మోటార్లు చిన్నవైపోయి ఎన్నో ఏళ్లయినా ఆ ఇరుకు పట్టాల మీదే నడిపిస్తున్నాం.

దూరాన్ని ఎలా కుదించాలో నేర్చుకోవాలంటే 'కోపెన్‌హేగన్ ఫీల్డ్స్' చూడాలి. లండన్ క్లబ్బువాళ్లు నలభై ఏళ్లుగా కడుతున్న లేఅవుట్ అది. అడుగుకి 2 మిల్లీమీటర్ల లెక్కన, కింగ్స్ క్రాస్ స్టేషనుకి ఉత్తరాన ఉన్న పేటలన్నీ, రెండు యుద్ధాల మధ్య కాలంలో ఉన్నట్టుగా. ముందున్న ఇళ్లు సరైన కొలతల్లో ఉంటాయి, వెనక్కి వెళ్లేకొద్దీ ఇళ్లు ఇంకా చిన్నవి చేస్తూ పోయారు. బల్ల వెడల్పు దాటి ఊరు ఎంతో దూరం సాగిపోతున్నట్టు అనిపిస్తుంది. నేను రాజమండ్రి వాణ్ణి కాబట్టి గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన కట్టొచ్చు కదా అని మావాళ్లు ఎప్పుడూ అడుగుతుంటారు. యాభై ఆరు ఖానాల వంతెన, రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు. మా లెక్కలో అది ముప్పై మూడు మీటర్లు దాటుతుంది, చర్చి గోడ పగలగొట్టి స్మశానంలోకి పోవాలి. పది ఖానాలకి కుదించొచ్చు గానీ, గోదావరి మీద బండి వెళ్తుంటే ఇంకా అయిపోలేదా అనిపించకపోతే అది హేవ్‌లాక్ వంతెన ఎలా అవుతుంది? మన ఇరవై నాలుగు పెట్టెల రైలైతే ఒక్కటే ఏడున్నర మీటర్లుంటుంది. ముందు పెట్టె మా ఊరు దాటి తెర వెనక్కి వెళ్లిపోయినా ఆఖరి పెట్టె ఇంకా ఇటు తెరలోంచి బయటికే రాదు. ఇక్కడివాళ్లు ట్యాంకింజనూ రెండు పెట్టెలూ ఉన్న పల్లె బండిని అంతగా ప్రేమించడానికి సగం కారణం, అది ఇంట్లో పడుతుంది.

సరే, దూరాన్ని ఎలాగో కుదించాం. కాలం మాటేమిటి? గంటకి ముప్పై మైళ్ల వేగాన్ని 76తో భాగిస్తే సెకనుకి పదిహేడు, పద్దెనిమిది సెంటీమీటర్లు. మా ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి బండి అర నిమిషం పైన తీసుకుంటుంది. ఆ కాలపు పల్లె లైను మీద రోజుకి నడిచేవి కాసిని బండ్లు. ఒకటి వెళ్లాక ఇంకోటి వచ్చేలోగా పోర్టరు తోటపని చేసుకునేవాడు. అదంతా చూపిస్తే ఎగ్జిబిషన్ పొద్దున్నించి సాయంత్రం దాకా జనం చూసేది గొర్రెల్నే. అందుకని గడియారాన్ని వేగంగా తిప్పేవాళ్లున్నారు, నిజం పది నిమిషాలు బల్ల మీద గంట అయ్యేలా. అసలు గడియారమే లేకుండా ఒకటి లోపలికి పోగానే ఇంకోటి బయటికి తోసేవాళ్లు ఎక్కువ. అలాంటి లేఅవుట్ల ముందు జనం మూగి ఉంటారు. నాకు మాత్రం అక్కడ స్టేషన్లు కనిపించవు, పట్టాల పక్కన బొమ్మ ఇళ్లు కనిపిస్తాయి.

ఈ విషయంలో నా గురువు నేనెప్పుడూ చూడని మనిషి. రెవరెండ్ పీటర్ డెన్నీ రెండో ప్రపంచయుద్ధం తర్వాత 'బకింగ్‌హామ్' లేఅవుట్ మొదలుపెట్టి దశాబ్దాల పాటు కట్టాడు. గ్రేట్ సెంట్రల్ రైల్వే 1907 ప్రాంతంలో ఎలా ఉండేదో అలా. బండ్లు టైమ్‌టేబుల్ ప్రకారం నడవాలి, స్టేషనుకీ స్టేషనుకీ మధ్య గంటల సంకేతాలు మోగాలి. అటు స్టేషన్లో కూర్చునేందుకు కొడుకు దొరకనప్పుడు ఆ వంతు గంటలు కొట్టడానికి ఒక యంత్రం చేసి దానికి కొడుకు పేరే పెట్టాడు, 'ఆటోమేటిక్ క్రిస్పిన్' అని. (థామస్ ట్యాంకింజను కథలు రాసిన ఆడ్రీ కూడా రెవరెండే, ఆయనా తన బొమ్మ రైళ్లని ఎగ్జిబిషన్లకి మోసుకెళ్లినవాడే. పాదరీలకి వారంలో ఆరు రోజులు తీరికనుకుంటాను.) బకింగ్‌హామ్‌లో నాకు నచ్చింది, బండి రావాల్సిన టైము కాకపోతే అది రాదు.

ఆపడానికి ఓపిక ఒక్కటే చాలదు, పనితనం కావాలి. ఎప్పుడూ తిరుగుతూ ఉండే ఇంజను పట్టా మీద కాస్త మురికి ఉన్నా ఊపులో దాటేస్తుంది. ఆగిన ఇంజను సరిగ్గా ఆ మురికి మీదే ఆగుతుంది. మళ్లీ కదలాలంటే రెండు వైపులా ఏదో ఒక చక్రానికి కరెంటు అందాలి. అందుకని ఒకట్రెండు చక్రాలు కాకుండా అన్ని చక్రాల నుంచీ కరెంటు తీసుకునేలా కంచు రేకులు అమర్చుకోవాలి. పట్టాలు చీలే చోట ప్లాస్టిక్ ముక్కున్న పాయింట్లు తీసేసి, లోహపు ముక్కున్నవి వేసి, దారి మారినప్పుడల్లా ఆ ముక్కకి కరెంటు కూడా మారేలా స్విచ్చి పెట్టాలి. ప్రతి పట్టా ముక్కకీ కింద నుంచి విడిగా వైరు. చక్రాలు స్పిరిట్‌తో తుడవాలి, పట్టాలు గంటకోసారి రుద్దాలి. ఇన్ని చేసినా ఒక్కోసారి మొండికేస్తుంది. అప్పుడు ఆకాశంలోంచి ఒక పెద్ద చెయ్యి దిగి ఇంజన్‌ని వెనక నుంచి పొడుస్తుంది. ఒక్క పోటుతో ఆ ఊరు, ఆ 1930లు, ఆ సాయంత్రం అన్నీ పోయి ప్లైవుడ్ మిగులుతుంది. రైళ్లు ఆపకూడదనేవాళ్లు జనం పేరు చెప్తారు గానీ చాలామంది అసలు భయం ఇదేనని నా అనుమానం.

అయినా వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. మా కోశాధికారి ప్రతిసారీ హాలు అద్దె రసీదు తీసి చూపిస్తాడు. ఆ అద్దె కట్టేది టికెట్ల డబ్బు, టికెట్లు కొనేది పిల్లలున్న కుటుంబాలు. నాలుగేళ్ల పిల్లాడికి ఒంటి లైను నియమాలు చెప్పి ఆపలేం. ఏటా బర్మింగ్‌హామ్‌లో జరుగుతూ వచ్చిన వార్లీ క్లబ్బు ఎగ్జిబిషన్ ఈ దేశంలోని అతి పెద్దవాటిలో ఒకటి, 2023 తర్వాత అదీ ఆగిపోయింది. నడిపేవాళ్లకి వయసైపోతోంది, వాళ్ల వెనక వచ్చేవాళ్లు తక్కువ. ఇలాంటప్పుడు ఒక పిల్లవాణ్ణి విసిగించి పంపేయడం తెలివైన పని కాదని నాకూ తెలుసు.

కానీ వేచి ఉండటం కూడా రైలు ప్రయాణంలో భాగమేనని నాకు ఒంట్లో ఉంది. మన రైళ్లలో "ఔటర్లో ఆపేశాడు" అన్నాక పెట్టెలో మాటలు మొదలయ్యేవి. అప్పటిదాకా ముభావంగా ఉన్నవాళ్లు పులిహోర పొట్లాలు విప్పేవాళ్లు, ఊళ్లూ బంధుత్వాలూ కలిసేవి, సంబంధాలు కూడా కుదిరేవి. క్రాసింగ్ అయిపోయి బండి కదిలితే, అప్పుడే కదిలిందా అన్నట్టుండేది.

పోయిన శీతాకాలం ఎగ్జిబిషన్‌కి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. మా గూడ్సు అప్పుడు లూపులో నిలబడి ఉంది. ఇంగ్లీషువాళ్లు పక్కకి తప్పుకున్నారు. కొడుకూ కోడలూ కూడా కదలబోయారు గానీ వాళ్లతో వచ్చిన పెద్దావిడ బల్ల మీదికి వంగి చూసి, నా మొహం చూసి పోల్చుకుని, "ఏం బాబూ, క్రాసింగా?" అంది.

"అవునండీ. అటునుంచి ప్యాసింజర్ రావాలి."

"ఎందాకా వచ్చిందిట?"

"పక్క స్టేషను దాటిందండీ" అన్నాను. అది నా మోచేతికి మూరెడు దూరంలో తెర వెనక ఉంది.

"అయితే ఈలోపు టీ తాగొచ్చేస్తా" అని వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ప్యాసింజరూ వెళ్లిపోయింది, గూడ్సూ వెళ్లిపోయింది. "అయ్యో, వెళ్లిపోయిందా!" అని ఆవిడ నిజంగా నొచ్చుకుంది. ఇన్నేళ్లలో మా లేఅవుట్‌ని అంత నిజంగా తీసుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు.

ఆ తర్వాత మా సిగ్నల్‌మన్ పెద్దాయన ఒక పని చేశాడు. అప్పటిదాకా మాకు మాత్రమే వినిపించే గంటని తెర ముందుకి తెచ్చాడు. ఎక్స్‌ప్రెస్‌కి దారి అడగాలంటే నాలుగు గంటలు, మామూలు ప్యాసింజర్‌కి మూడు కొట్టి ఆగి ఒకటి. బండి సెక్షన్లోకి అడుగుపెట్టగానే రెండు, దాటి వెళ్లిపోయాక రెండు కొట్టి ఆగి ఒకటి. మన స్టేషన్ మాస్టర్ల 'లైన్ క్లియర్' కూడా, ఒక సెక్షన్లో ఒక్క బండే ఉండేలా చూసే ఈ బ్లాక్ పద్ధతి నుంచి వచ్చిందే. చిన్న స్టేషన్లలో, ఒంటి లైను మీద ముందుకెళ్లడానికి అనుమతిగా, నీల్ టోకెన్ పెట్టెలోంచి వచ్చిన బంతిని సంచిలో పెట్టి, చక్రానికి తగిలించి డ్రైవరుకి అందించడం నా వయసువాళ్లు చూసే ఉంటారు. నేనిది చెప్తే పెద్దాయన ఆ సాయంత్రమంతా ఆ బంతి కొలతలు అడుగుతూనే ఉన్నాడు. గంట పక్కన ఆయన ఒక కార్డు కూడా పెట్టాడు, ఎన్ని గంటలకి ఏ బండో రాసి. ఇప్పుడు గూడ్సు లూపులో ఆగినా కొందరు కదలడం లేదు. గంట మోగితే కార్డు చూసుకుని, తెరవైపు తిరిగి, ఏ బండి వస్తుందో పిల్లలకి చెప్తున్నారు. పిల్లలు కూడా "పాడైందా" అనడం మానేసి, గంట ఎప్పుడు కొడతారని అడుగుతున్నారు. గంట తామే కొడతామని పేచీ పెట్టినవాళ్లూ ఉన్నారు. ఒకమ్మాయికి ఇచ్చాం. మా అందరికంటే శుభ్రంగా కొట్టింది.

దాంతో వచ్చే వసంతం ఎగ్జిబిషన్‌కి రాజీ కుదిరింది. మధ్యాహ్నం మూడింటి దాకా బండ్లు ఆగకుండా తిరుగుతాయి. పిల్లల రద్దీ తగ్గాక టైమ్‌టేబుల్ మొదలవుతుంది. ఆ టైమ్‌టేబుల్ రాస్తున్నది సిగ్నల్‌మన్ పెద్దాయన. గూడ్సుని లూపులో ఎంతసేపు ఉంచాలన్నది ఒక్కటే తేలలేదు. ఆయన ఆరు నిమిషాలంటాడు, కోశాధికారి రెండంటాడు. మంగళవారం ఓటింగు పెడతామన్నారు, నేను వ్యానుకి టైర్లు మార్పించే పనిలో ఉండి వెళ్లలేకపోవచ్చు కాబట్టి నా ఓటు ఆరుకేనని ముందే కాగితం మీద రాసిచ్చాను.