గొంతులోని నిజం ఎవరి కష్టం?

గద్దర్ పాట విన్నవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది: “ఆయన గుండెలోంచి పాడతాడు.” మెచ్చుకోలుగానే అంటారు. సభల్లో అంటారు, సంస్మరణ సంచికల్లో రాస్తారు, మన విద్యార్థులు కూడా పరిశోధన వ్యాసాల్లో అదే వాక్యం దించుకుంటారు. 2023 ఆగస్టు 6న ఆయన చనిపోయిన తర్వాత ఈ మాట ఇంకా పెరిగింది. ఈ మెచ్చుకోలు వెనక ఒక దొంగలెక్క ఉంది. గుండెలోంచి పాడేవానికి గొంతు పని తెలియనక్కర లేదు, సాధన అక్కర లేదు, పాటను నడిపే తెలివి అక్కర లేదు అన్నదే ఆ లెక్క. ఘంటసాల పాడితే ‘భావం పలికించాడు’ అంటారు. గద్దర్ పాడితే ‘ఆవేశం పొంగింది’ అంటారు. మొదటి వాక్యంలో మనిషి పని చేశాడు. రెండో వాక్యంలో మనిషికి ఏదో అయింది. ఈ రెండు క్రియల మధ్య కులం కూసుని ఉంది.

అందుకే ఈ ప్రశ్నను సూటిగా వేసుకోవాలె. పది మందిలో పేరున్న ఒక గాయకుని గొంతు మనకు నిజమనిపిస్తే, ఆ నిజం ఎక్కడి నుంచి వస్తుంది? ఆయన పడ్డ కష్టాల నుంచా? గొంతులోని గరుకు నుంచా? లేక మరేదన్నా ఉన్నదా?

జవాబు కోసం ముందు పాట సభకు కాదు, చావింటికి పోదాం. మేడ్చల్ దాటినంక 44వ నంబరు జాతీయ రహదారి మీద అత్వెల్లి ఉంది. అదే రోడ్డున ఇంకా ఉత్తరానికి పోతే తూప్రాన్ వస్తుంది, అది గద్దర్ పుట్టిన ఊరు. ఇప్పుడు ఈ దారి పొడుగునా వెంచర్లు, గోదాములు, ఫంక్షన్ హాళ్లు. మడి పోయినకాడ నాటు పాట కూడా పోయింది. కానీ ఈ వైపు ఊళ్లల్ల, మన వాడల్ల, ఆడవాళ్లు శోకం తీసుడు ఇంకా పూర్తిగా పోలేదు. శోకం వట్టి ఏడుపు కాదు. దానికి ఒక వరస ఉంటుంది. ముందు పిలుపు, పోయినోణ్ని వావితో పిలుస్తారు. తర్వాత ఆయన చేసిన పనులు, పెట్టిన తిండి, బాకీపడ్డ మాటలు ఒక్కొక్కటే ఎత్తుతారు. ప్రతి చరణం చివర ఒక సాగదీత, ఆ సాగదీతలో ఊపిరి అయిపోయేదాకా స్వరం కిందికి దిగుతుంది. పెండ్లాం గొంతు పోతే పక్కింటి ముసలమ్మ అందుకుంటుంది. ఎన్నడో పోయిన తన బిడ్డను కూడా ఆ శోకంలోకే తెచ్చుకుంటుంది. ‘ఇదేంది, వరస కట్టి ఏడుస్తుంది, ఇది నిజమైన ఏడుపేనా’ అని అక్కడ ఎవ్వరూ అడగరు. వరస ఉంటేనే దుఃఖం నలుగురికి అందుతుందని ఆ వాకిట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

డప్పు సంగతీ అంతే. దెబ్బ వేసే ముందు మంట పెట్టి డప్పును సెగకు కాస్తారు. తోలు బిగిసి మోత సరిగ్గా వచ్చేదాకా వేలితో కొట్టి చూసుకుంటారు. అది శ్రుతి చేసుకోవడమే. చావుకు ఒక దెబ్బ, పెళ్లికి ఒక దెబ్బ, దండోరాకు ఒక దెబ్బ. వీణ తంతి బిగిస్తే శాస్త్రమైంది, తోలు కాస్తే అలవాటైంది. మన కళలో ఉన్న కొలతను కొలత అని ఒప్పుకోని చూపే, మన గొంతులో ఉన్న పనిని పని అని ఒప్పుకోదు.

ఇక గొంతు సంగతి. నిజంగా ఏడుపు వచ్చినప్పుడు గొంతు పూడుకుపోతుంది, ఊపిరి తెగుతుంది, శ్రుతి నిలవదు. పెద్ద మైదానంలో వేల మంది ముందర ఆ స్థితిలో పాట ముందుకు సాగదు. అంటే వినేవాడు ఏడవాలంటే పాడేవాడు తన ఏడుపును పట్టి ఉంచాలె. గొంతు తెరిచి ఉంచుకుని, తెగిపోయే ఊపిరిని మాత్రం వినిపించాలె. ఇది నేర్చుకోవలసిన పని. శోకం తీసే తల్లులు నేర్చుకున్నారు. గద్దర్ నేర్చుకున్నాడు. తన పాటకు అమ్మ పాటే మూలమని ఆయన చెప్పుకునేవాడు. మనం దాన్ని తల్లిప్రేమ మాటగా విని వదిలేశాం. నిజానికి అది ఒక కళాకారుడు తన గురువు పేరు చెప్పడం.

ఆయన పాడే తీరును గుర్తు తెచ్చుకోండి. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. గజ్జెలు అలంకారం కాదు, తాళం. అడుగు వేస్తే లెక్క పడుతుంది. పాటకు ముందు మాట ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే, ఎక్కడ మాట ఆగిందో ఎక్కడ పాట మొదలైందో తెలియకుండా రాగంలోకి పోతాడు. ఇది బుర్రకథ నుంచి, ఒగ్గుకథ నుంచి వచ్చిన విద్య. జననాట్యమండలి 1972లో మొదలైనప్పటి నుంచి ఊరూరా తిరిగి పదును పెట్టుకున్న విద్య. పాట నడుమ హఠాత్తుగా ఆగుతాడు. ఆ ఖాళీలో జనం తమ ఇంట్లో పోయినవాణ్ని తలుచుకుంటారు. తర్వాత కోరస్ అందుకుంటుంది. ఒక్కని దుఃఖం పది గొంతుల మీదికి పోతుంది. శోకంలో పక్కింటి ముసలమ్మ అందుకున్నట్టే. ఏ ఊరికి పోతే ఆ ఊరి మాట పాటలోకి వచ్చి చేరుతుంది. ముందున్న మనుషులను చూసి పాటను అక్కడికక్కడ మలచడం ఆవేశంతో అయ్యేది కాదు. దానికి చల్లని బుర్ర కావాలె.

ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1972లో గొంతు గురించి ఒక వ్యాసం రాశాడు. పాడేవాని శరీరం ఊపిరితిత్తుల్లో కాదు, నాలుక, పళ్లు, గొంతు భాషతో రాపిడి పడే చోట వినపడుతుందన్నాడు. ఉద్వేగం నిండుగా ఉన్నా ఆ రాపిడి లేని పాట ఆయనకు నచ్చలేదు. ఈ మాట మనకు పనికొస్తుంది. గద్దర్ నోట్లో పలికేది తూప్రాన్ దిక్కు తెలుగు. రేడియో తెలుగు దాన్ని మొరటు అన్నది. ఆ పలుకును దిద్దుకోకుండా నగరం నడిబొడ్డున నిలబెట్టడం కూడా పాడేవాడు తెలిసి చేసిన ఎంపికే. అయిదేండ్ల అజ్ఞాతం తర్వాత 1990లో హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో ఆయన కనపడ్డప్పుడు, జనం విన్నది తమ మాటను తమ మాటలాగే పలికిన గొంతును.

‘సరే, కానీ ఆయన అనుభవించాడు కాబట్టే గొంతులో అంత నిజం ఉంది కదా’ అని మిత్రులు అంటారు. అనుభవాన్ని నేను తక్కువ చేయను. దళిత కుటుంబంలో పుట్టి, బ్యాంకు ఉద్యోగం వదిలి, అజ్ఞాతంలో బతికి, 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే తుపాకీ గుండ్లు తిని, ఒక గుండును చచ్చేదాకా ఒంట్లో మోసిన మనిషి ఆయన. అయితే బాధపడ్డవాళ్లందరూ అట్లా పాడలేరు. బాధ పాటకు ముడిసరుకు మాత్రమే. ముడిసరుకునే వస్తువు అనుకుంటే మధ్యలో చేసిన శ్రమ మాయమైతది. శ్రమను మాయం చేయడం ఈ దేశంలో ఎవరికి అలవాటో మనకు వేరే చెప్పనక్కర లేదు.

దీన్ని పరీక్షించడానికి సినిమాలు చూద్దాం. 1979 నాటి ‘మా భూమి’లో గద్దర్ తెర మీద కనపడి తానే పాడాడు. ఆ పాట ఆయన రాసింది కాదు, సాయుధ పోరాట కాలపు యాదగిరిది. అంటే అందులోని అనుభవం గద్దర్‌ది కాదు, ముందు తరానిది. అయినా గొంతు నిజమనిపించింది. 1995లో దాసరి నారాయణరావు తీసిన ‘ఒరేయ్ రిక్షా’లో గద్దర్ రాసిన అన్నాచెల్లెళ్ల పాటను వందేమాతరం శ్రీనివాస్ పాడాడు. అది మైదానం గొంతు కాదు, స్టూడియో గొంతు. మైకు నోటి దగ్గర ఉంటుంది కాబట్టి అరవనక్కర లేదు. గుసగుస కూడా వినపడుతుంది, అన్న పక్కన కూసుని చెప్పినట్టుంటది. జనం దాన్నీ గుండెకు హత్తుకున్నారు. రాసిన చెయ్యి ఒకరిది, పాడిన గొంతు ఇంకొకరిది. 2011లో ‘జై బోలో తెలంగాణ’లో మళ్లీ గద్దర్ తానే పాడాడు. ఆ గొంతులో మైదానం పిలుపు ఉంది, ఎదురుగా లేని వేల మందిని ఉన్నట్టే పిలుస్తాడు. మూడు పాటలు, మూడు రకాల బంధాలు. ఒకచోట పాడేవాడు ముందు తరానికి వారసుడు, ఒకచోట పాత్రకు గొంతు, ఒకచోట జనానికి ముందరి మనిషి. మూడింటిలో ఉమ్మడిగా ఉన్నది బయోడేటా కాదు. వినేవానికి పాటలో ఒక చోటు ఇవ్వడం.

నా వాదన ఇదే. గొంతు నిజమనిపించేది పాడేవాడు తనను తాను ఒలకబోసుకున్నందుకు కాదు. ఎవరితో మాట్లాడుతున్నాడో తెలిసి, వాళ్లకు అందేటట్టు ఊపిరిని, పలుకును, ఖాళీని కొలిచి ఇచ్చినందుకు. ఘంటసాల విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర నేర్చుకున్నాడని గౌరవంగా రాస్తాం, రాయాలె కూడా. అదే గౌరవంతో గద్దర్ ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో రాయమని అడుగుతున్నాను.

ఇది చచ్చిపోయిన మనిషి గురించిన తగవు మాత్రమే కాదు. ఇప్పుడు పాడుతున్న పిల్లల సంగతి. లంబాడా కుటుంబం నుంచి వచ్చిన మంగ్లీ పాడితే ‘తండా గొంతు, సహజంగా వచ్చింది’ అంటారు. ఆమె తిరుపతిలో సంగీతం చదువుకున్న సంగతి ఎవరికీ పట్టదు. మనవాళ్ల గొంతు ‘పచ్చిగా’ ఉండాలని బజారు కోరుతుంది. శ్రుతిని దిద్దే సాఫ్ట్‌వేర్ 1997లోనే వచ్చింది. దిద్దడం అంత సులువైనంక, దిద్దని గొంతుకు విడిగా ధర పలుకుతున్నది. పచ్చిదనం ఒక సరుకైంది. ఆ సరుకు ఇచ్చే పిల్ల రేపు ప్రేమ పాటో, హాస్యం పాటో పాడబోతే ‘అమ్ముడుపోయింది’ అనే తీర్పు తయారుగా ఉంటుంది. అగ్రవర్ణ గాయనికి నవరసాలు, మన గాయనికి దుఃఖం, కోపం రెండే. ‘నిజమైన గొంతు’ అన్న పొగడ్త ఈ విధంగా సంకెల అవుతుంది.

మన లోపలి మాట కూడా ఒకటి చెప్పుకోవాలె. ఉద్యమ పాటల్లో మగ గాయకుడు అమరుని తల్లి అవుతాడు, చెల్లె అవుతాడు. గొంతు నిజంగానే ఉంటుంది, మనం ఏడుస్తాం. కానీ ‘ఒరేయ్ రిక్షా’ పాటలో అన్న చెల్లెకు మాట ఇస్తాడు. చెల్లె ఏమన్నదో మనకు వినపడదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చినంక ఈ మౌనాన్ని గమనించకుండా ఉండలేం. శోకం విద్య ఆడవాళ్లది. వేదిక ఎక్కి పేరు తెచ్చుకున్నది మగవాళ్లు. గద్దర్‌కు రావలసిన లెక్క అడుగుతున్న మనం, ఆయన ఎవరి దగ్గర తీసుకున్నాడో ఆ తల్లులకు పడ్డ బాకీని కూడా అదే కాగితం మీద రాయాలె.

1995 పాటకు ఇచ్చిన నంది అవార్డును గద్దర్ వద్దన్నాడు. 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులను ఆయన పేరుతోనే ఇచ్చింది. పేరు నిలిచినందుకు సంతోషమే. పేరు మీద జ్ఞాపిక తయారైనంత తొందరగా పని మీద పాఠం తయారు కాలేదు. విశ్వవిద్యాలయాల్లో గద్దర్ మీద రాసే వ్యాసాలు చాలావరకు పాటల్లోని వస్తువును, సిద్ధాంతాన్ని ఏరి చూపుతాయి. గొంతు దగ్గరికి రాగానే ‘గుండెలోంచి’ అని ముగిస్తాయి.

ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు ఒక విన్నపం. ఈసారి పాట విన్నప్పుడు కాగితం, పెన్సిలు పెట్టుకోండి. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడు, ఏ మాట దగ్గర ఆగాడు, ఎవరిని ఏ వావితో పిలిచాడు, కోరస్ ఎప్పుడు అందుకుంది, రాయండి. తర్వాత మీ ఊళ్లో శోకం తీసే ముసలమ్మల దగ్గరికి పోండి. ఎవరి దగ్గర నేర్చుకున్నవు అవ్వా అని అడగండి. ‘నేర్చుకునుడేంది బిడ్డా, అదే వస్తది’ అనే అంటుంది. అక్కడే లేవకండి. ఇంకో గంట కూసోండి. వాళ్లమ్మ పేరు, మేనత్త పేరు, నాటు వేసేటప్పుడు ముందర పాట ఎత్తినామె పేరు చెప్తుంది. ఆ పేర్లు రాసుకుని రండి.