వీరచిత్రములలో నాయిక: కర్తయా, కర్మయా?

క్రియాసిద్ధియందు స్వతంత్రమైనది కర్త యనియు, ఆ కర్త తన వ్యాపారముచేఁ బొందఁగోరు వానిలో నత్యంతాభీష్టమైనది కర్మ యనియుఁ బాణిని కారకప్రకరణమున వ్యవస్థ చేసెను. ఈ వ్యవస్థ వాక్యమునకై చెప్పఁబడినదే యైనను కథకును జక్కఁగా నన్వయించును. కథ యనఁగా నొక మహావాక్యము. అందు స్వతంత్రులెవ్వరు, కేవల మభీష్టవస్తువు లెవ్వరు అని విచారించినచోఁ బాత్రపోషణమందలి బలాబలములు తేటపడును. నేఁడు కోట్లకొలఁది ధన మార్జించి ‘బ్లాక్‌బస్టరు’ లని ప్రసిద్ధి కెక్కిన తెలుఁగు వీరచిత్రములను ఈ కొలతతోఁ బరిశీలింపఁదగియున్నది.

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వమున 2015లో వెలువడిన ‘బాహుబలి’ ప్రథమభాగమున అవంతిక యొక తిరుగుబాటుదళమునకుఁ జెందిన యోధురాలు. మాహిష్మతిలో నిరువదియైదేండ్లుగా సంకెలలఁ గ్రుంగుచున్న దేవసేనను విడిపించుట యామె వ్రతము. కథలోఁ బ్రవేశించినపు డామె నిస్సందేహముగాఁ గర్త. పిదప శివుఁడు ఆమె యెఱుఁగకుండ నామె చేతిపై రంగులతో బొమ్మలు వ్రాయును. ఆమె కత్తి దూసి యెదిరింపఁగా, ఆ పోరాటమునడుమనే యామె కురులు విప్పి, వేషము మార్చి, ముఖమునకు రంగు లలఁది, నీటిలోని ప్రతిబింబము నామెకే చూపును. అది మొద లామె యనురాగవతి. ఆమె వ్రతమో, శివునికి సంక్రమించును. 2017 నాఁటి ద్వితీయభాగమున నామె తుదియుద్ధమున క్షణకాలము కానవచ్చుటయే కాని కథలోఁ జేయునది లేదు. కర్తగాఁ బ్రవేశించిన పాత్ర కర్మగా ముగిసినది.

రతి నాయికానాయకుల యిరువురియందు నుండనిచో దానిని శృంగారమనక ఆభాసమని సాహిత్యదర్పణమున విశ్వనాథుఁడు గణించెను. పైఘట్టమున నాయకుని రతి స్పష్టము. నాయిక సమ్మతి నడిగినవాఁడు లేఁడు. కోపావిష్టయై కత్తి పట్టిన స్త్రీ తన యలంకృతముఖమును జూచుకొన్నంతనే ప్రేమింపఁ గారణమేమి? కథలో దీనికి సమాధానము లేదు. కావున నిచట దోషము నీతివిషయమున మాత్రమే కాదు, కథానిర్మాణమునందును గలదు. హేతువులేని చిత్తపరివర్తనము పాత్రకు సహజము కాదు. కథకునికిఁ గావలసి వచ్చి పాత్రపై మోపఁబడినది.

గోడపత్రికలందును, పాటలందును నాయికకు నగ్రస్థాన మున్నదిగదా, ఆమెకుఁ గొఱఁత యేమి యని కొంద రందురు. వారు కర్మణిప్రయోగమును స్మరింపవలెను. ‘రామునిచే రావణుఁడు చంపఁబడెను’ అనునపుడు ప్రథమావిభక్తి రావణశబ్దమునకే వచ్చినది. అంతమాత్రమున రావణుఁడు కర్త కాఁడు. ప్రథమావిభక్తి వేఱు, స్వాతంత్ర్యము వేఱు. నేఁటి చిత్రములు నాయికకు మొదటిదాని నొసఁగి రెండవదాని నొసఁగినట్లు భ్రమింపఁజేయుచున్నవి.

మఱియొక యాక్షేపము బలవత్తరమైనది. వీరరసము ప్రధానమైన కథలో నాయకుఁడు ప్రధానుఁడగుట న్యాయము. తక్కినవా రప్రధానులగుట దోషము కాదు. ఇది నిజమే. కాని యప్రధానత్వమనఁగా స్వాతంత్ర్యాభావము కాదు. దేవదత్తుఁడు వండుచున్నాఁడనునపుడు కట్టెలు కరణము, కుండ యధికరణము. అయినను మండుట యను స్వవ్యాపారమునఁ గట్టెలును, ధరించుట యను స్వవ్యాపారమునఁ గుండయు స్వతంత్రములే యని మహాభాష్యకారుఁడు నిరూపించెను. కట్టెకుఁ గల స్వాతంత్ర్యమైన నాయికకుఁ గలుగవలదా?

పూర్వకవు లీ మర్మ మెఱిఁగినవారు. కిరాతార్జునీయమున నాయకుఁ డర్జునుఁడు. అయినను బ్రథమసర్గమున ద్రౌపది ధర్మరాజును నిలువఁదీయును. రెండవసర్గమున భీముఁ డామె పల్కులనే సమర్థించును. ఆమె విల్లు పట్టలేదు. స్వవ్యాపారమైన ప్రబోధమున మాత్ర మామె సంపూర్ణముగా స్వతంత్ర. శాస్త్రభాషలో నామె ప్రయోజకకర్త్రి. ఒకరిచేఁ బనిచేయించువారికిని గర్తృసంజ్ఞ యున్నదని పాణిని యనుశాసించియే యున్నాఁడు.

నేఁటి చిత్రములలో నిట్టి పాత్రలు బొత్తిగా లేవనుట యన్యాయము. ‘బాహుబలి’ ద్వితీయభాగమున దేవసేన కుంతలరాజ్యమునుండి శివగామి పంపిన వివాహసందేశమును దిరస్కరించును. స్త్రీలపైఁ జేయివేసిన సేతుపతి వ్రేళ్లను దానే నఱకును. సభలో నిర్భయముగా మాటాడును. కథ మలుపు తిరుగుట యామె చేఁతలవలననే. కాని యా సభలోనే అమరేంద్రుఁడు వ్రేళ్లు కాదు, శిరస్సు నఱకవలసినదని పలికి తానే నఱకును. ప్రేక్షకుల కరతాళధ్వను లతనికే దక్కును. నాయిక చేసిన క్రియకు నాయకుఁడు తుదివాక్యము పలికినఁ గాని చిత్రమునకుఁ దృప్తి లేదు.

2022లో వెలువడిన ‘ఆర్.ఆర్.ఆర్.’ నందు రామ, సీతా నామములు బుద్ధిపూర్వకముగా గ్రహింపఁబడినవి. కావునఁ బోలిక తప్పదు. సుందరకాండమున హనుమంతుఁడు తన వీపుపైఁ గొనిపోవుదునన్నపుడు సీత యొల్లక, రాముఁడే వచ్చి రావణుని గెలిచి తన్నుఁ గొనిపోవుట తగునని నిశ్చయించెను. ఆమె నిరీక్షణ మామె నిర్ణయఫలము. చిత్రమందలి సీతకో, నిరీక్షణము మాత్రమే యున్నది. రాముని యాశయమును భీమునికిఁ దెలుపుట యామె ముఖ్యకృత్యము. అదియును నాయకుని కథనే చెప్పుట.

సుకుమార్ దర్శకత్వమున 2021లో వచ్చిన ‘పుష్ప’లో నాయకుని పక్షమువారు శ్రీవల్లి చిఱునవ్వును, ముద్దును ధనమిచ్చి కొనఁజూతురు. ఇది కేవలకర్మత్వమునకుఁ బరాకాష్ఠ. 2024 నాఁటి ద్వితీయభాగమున, ముఖ్యమంత్రితో భర్త ఛాయాచిత్రము తీయించుకొని రావలెనని యామె కోరఁగా, ఆ కోరికనుండి ప్రభుత్వమునే మార్చునంత యుద్యమము పుట్టును. ఇట నామెకుఁ బ్రయోజకకర్తృత్వము సిద్ధించినట్లు తోఁచును. కాని ముఖ్యమంత్రి యా కోరికను నిరాకరించినది మొదలు కథను నడపునది పుష్పరాజునకుఁ గలిగిన యవమానమే. కోరిక నిమిత్తమాత్రమై మిగిలినది.

ఇందువలన నష్టము నాయికకు మాత్రమే యనుకొనరాదు. వీరుని ధైర్యము స్వతంత్రచిత్తము గలవారియెదుటనే పరీక్షింపఁబడును. తన్నుఁ గాదనఁగల స్త్రీని మెప్పించుట కష్టము. కాదనలేని స్త్రీని గెలుచుటలో విజయము లేదు. కథలో నొక్కఁడే కర్తయై తక్కినవారెల్లఁ గర్మలైనచో నా కర్తయు బొమ్మవలె బలహీనుఁడగును. పోరాటముల సందడి యీ లోపమును గప్పునే కాని తీర్పదు. ఈ చిత్రములను బదేపదే చూచుచున్న పాఠశాలాబాలురు ఒల్లననుటను బ్రేమకుఁ బూర్వరంగముగాఁ దలఁచుట యంతకంటెఁ బెద్ద కీడు.

ఉపాధ్యాయులు తరగతిలోఁ జేయింపఁదగిన సులభపరీక్ష యొకటి కలదు. బాలురు మెచ్చిన చిత్రము నొకదానిని గైకొని, నాయికను గర్తగా నుంచి పది వాక్యములు వ్రాయుమనవలెను. ‘నవ్వెను, అలిగెను, ఏడ్చెను, నిలుచుండెను’ అను నకర్మకక్రియలే వచ్చినచో, ఆ కథలో నాయిక చేసిన పని యెంతయో బాలురకు వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.