వదిలిన చోట నిలబడే కెమెరా

వర్ధన్నపేటలో మా చెల్లె పెండ్లి వీడియో గింబల్ పట్టుకొని నేనే తీశాను. అప్పగింతలప్పుడు బాపు ఏడుస్తుంటే కెమెరా ఆయన చుట్టూ జారుకుంటూ తిరిగింది. ఎక్కడా కుదుపు లేదు. తర్వాత కూర్చొని చూస్తే మాత్రం నాకే సిగ్గేసింది.

గింబల్‌ని ముందు మోటార్లు ఆపి బ్యాలెన్స్ చేయాలి. కెమెరాని ముందుకీ వెనక్కీ, పక్కకీ కొద్దికొద్దిగా జరపాలి. ఏ కోణంలో వదిలినా అక్కడే నిలబడితే కుదిరినట్టు. లేదంటే ఆ తేడా అంతా మోటార్లు మోయాలి, అవి వణకడం మొదలుపెడతాయి. గారెట్ బ్రౌన్ కనిపెట్టిన తొలి స్టెడీక్యామ్‌లో ఈ మోటార్లే లేవు. భారాన్ని మోసే స్ప్రింగుల చేయి, కెమెరాకి ఎదురు తూకంగా కింద బ్యాటరీ, మానిటర్, పట్టుకునే మనిషి ఒళ్ళు. అంతే.

మన దగ్గర స్టెడీక్యామ్ అనగానే గుర్తొచ్చేది 1989 నాటి 'శివ'. అందులో సైకిల్ ఛేజ్ మళ్ళీ చూడండి. సైకిల్ మీద చిన్నపాప, వెనక తరిమే మనుషులు. దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ, ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాలరెడ్డి కెమెరాని పరిగెత్తించారంటే దానికి కారణం ఉంది. ఇప్పుడు మన షార్ట్ ఫిల్ముల్లో చాలాసార్లు ఆ పరుగు కనిపిస్తుంది, కారణం కనిపించదు.

నా వీడియోలోనూ అంతే. బాపు కదల్లేదు, నేనే కదిలాను. అందులో పనికొచ్చేవి చేయి గుంజి నేను ఆగిపోయిన పది సెకన్లే. బాపు చెల్లె చేతిని అల్లుడి చేతిలో పెట్టి, వదలలేక ఇంకాస్త పట్టుకుంటాడు. ఇంట్లో అమ్మ మళ్ళీ మళ్ళీ పెట్టమనేది ఆ ముక్కే.