ఆట చెడినప్పుడు దోషమెవ్వరిది?

బల్లచుట్టును నలుగురైదుగురు కూర్చుండి, ఒక్కొక్కరొక్క పాత్రను ధరించి, పాచికలు వేయుచు, గేమ్ మాస్టరు చెప్పు కథలో తమ మార్గమును తామే నిర్ణయించుకొను ఆట ఒకటి అమెరికాలో గ్యారీ గైగాక్సు, డేవ్ ఆర్నెసనుల కృషిచే 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను పేర వెలువడినది. ఆ ఆట నడుమ చెడినప్పుడు దోషము నడిపినవానిదా, వాడు అనుసరించిన అచ్చు సాహసకథను కూర్చినవానిదా అను తగవు ఆటబల్లలకడ నేను తరచు వినుచుందును. ‘ఆడలేక మద్దెల ఓడు’ అని మాస్టరును ఎత్తిపొడుచుట సులభము; కాని మద్దెల నిజముగా ఓటిదైన సందర్భములును లేకపోలేదు.

ఈ విచారణకు గైగాక్సు రచించిన ‘టూమ్ ఆఫ్ హారర్స్’ అను సాహసకథ మంచి నిదర్శనము. అందు సమాధి ప్రవేశమార్గము చివర, నోరు తెరచుకొన్న ఆకుపచ్చని రాక్షసముఖ మొకటి గోడపై నున్నది. కారునలుపైన ఆ నోటిలోనికి దూరినవాడు, పాచిక వేసి తప్పించుకొను అవకాశమైనను లేక, నశించును. ఇంతమాత్రమే విన్నవానికి ఇది క్రౌర్యముగా తోచును. కాని నేలపై పొదిగిన ఎఱ్ఱని బాటలో, కంటికి కనబడీ కనబడని అక్షరములతో, వీలైనంతవఱకు ఆకుపచ్చను పరిహరింపుమను సూచన కలదు. ఆటగాండ్రకు చూపుటకై చిత్రములును వేరుగా కూర్చబడినవి. ఆ బాటను వారు శ్రద్ధగా పరీక్షించినను అక్షరముల మాట ఎత్తక, చిత్రమును చూపక ముందునకు సాగినచో దోషము మాస్టరుదే. అన్నియు తెలిసియు దూరినవాని మరణమునకు మాస్టరును రచయితయు ఇరువురును బాధ్యులు కారు.

దోషనిర్ణయమున చూడవలసిన మఱొకటి ప్రయోజనభేదము. ఆ సమాధికథ 1975లో ఆరిజిన్స్ అను ఆటల సమావేశమున పోటీకై వినియోగింపబడి, 1978లో పుస్తకమైనది. అప్పటికప్పుడు చేతికిచ్చిన పాత్ర చచ్చిన పోటీలో ఓటమి మాత్రమే. ఏండ్లతరబడి పెంచుకొన్న పాత్ర చచ్చిన అది శోకము. ఆలోచనాపరులకే ఇది తగునని, కేవలము సంహారప్రియులకు రుచింపదని గ్రంథకర్త ముందే హెచ్చరించెను. ఆ మాట చదువక పుస్తకమును ఎన్నుకొన్నవాడు గ్రంథమును నిందింపరాదు.

అయినను, కథ యంతయు ఒకే యొక ఆధారముపై వ్రేలాడదీసి, అది ఆటగాండ్రకు చిక్కనిచో ఏమి చేయవలెనో చెప్పని గ్రంథములును కలవు. అచ్చట మాస్టరు సమయస్ఫూర్తితో గండము గడిపిన అది వాని ప్రతిభ. గడుపలేకపోయిన అది వాని అపరాధము కాదు. బల్లకడ కూర్చుండి సంశయము తీర్చుటకు రచయితకు వీలులేదు గనుక, మాస్టరునకు చెప్పవలసిన దంతయు ఆతడు పుటపైననే చెప్పి తీరవలెను.

ఆటగాడు తన పాత్ర మరణమునైనను ఓర్చుకొనును గాని, నిర్ణయమునకు కావలసిన మాట తనకు అందలేదని తెలిసిన ఓర్చుకొనజాలడు. కావున తగవు వచ్చినప్పుడు నేను సాహసకథలోని ఆ పుటను అందఱ యెదుట తెరచి, ఆ ఘట్టమును బిగ్గరగా చదువుదును. ఆ మాట పుటలో నుండియు వినబడకపోయిన నడిపినవాడు ఒప్పుకొనవలెను. పుటలోనే లేనిచో వానిని విడిచిపెట్టి, తరువాత నడుపువారి కుపకరించునట్లు ఆ లోపమును అంచున వ్రాసి యుంచవలెను.